కిటికీ లేని కొంపలో డిప్రెషన్ కథ రాయడం ఎలా

మానసిక వేదన మీద కథలు రాయాలని ఈమధ్య మనోళ్లందరికీ ఒక పట్టుదల పట్టుకుంది కదా, నేనూ కూచున్నా. రూల్స్ పెద్ద కష్టమేం కాదు. హీరో ఒంటరిగా ఉండాలి, కిటికీ దగ్గర నిలబడాలి, బయట వాన పడతా ఉండాలి, చేతిలో కాఫీ చల్లారిపోవాలి. వాడికి ఈఎంఐ మాత్రం ఉండకూడదు, ఉంటే వేదన క్వాలిటీ తగ్గిపోతుంది.

కిటికీ దగ్గరే దెబ్బ పడింది. మాది తిరుపతిలో బైరాగిపట్టెడ, కిటికీ ఉన్నా లేనట్టే, తెరిస్తే పక్కింటి గోడ, గోడకి తీగ, తీగ మీద ఆ ఇంటాయన చారల డ్రాయరు. దాన్ని చూస్తా అస్తిత్వ వేదన పడటం నా వల్ల కాలేదు. పోనీ వాన అనుకుంటే, తిరుపతిలో గట్టి వాన పడిందంటే వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిల్చినాయా, బండి యాట్నించి తిప్పుకోని పోవాల అనే గానీ మనసు లోపలికి తొంగి చూసుకునే తీరిక ఎవడికుంది.

సరే, టెక్నిక్కుతో కొడదాం అనుకున్నా. చైతన్య స్రవంతి, అంటే పాత్ర మనసులో ఆలోచనలు వచ్చినవి వచ్చినట్టే రాసుకుంటా పోవడం. 1890లో విలియం జేమ్స్ అనే సైకాలజిస్టు మనసులో ఆలోచనలు ఏరులా పారతాయని రాసినాడు, ఫుల్‌స్టాప్ పెట్టనోళ్లందరికీ అది లైసెన్సు అయిపోతుందని పాపం ఆయనకి తెలీదు.

ముగింపు ఈజీ, హీరోని చంపేయడమే. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115 సెక్షన్ ఏమంటాదంటే, చావబోయినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాల, శిక్షించకూడదు, చూసుకునే బాధ్యత గవర్నమెంటుదే అని. చట్టానికున్న పాటి జాలి కథకులకి లేదు, చివరి పేరాలో తాడు రెడీగా ఉంటాది.

కథ ఎదురింటి పిన్నమ్మకి చదివి వినిపించినా. అంతా విని, "ఆ పిల్లోడు పొద్దున్నించి ఏమన్నా తిన్నాడా నాయనా?" అనింది.

"వాడు శూన్యంలో ఉన్నాడు పిన్నమ్మా."

"శూన్యంలో ఉంటే మాత్రం? వాళ్లమ్మ యాడికి పొయింది?"

విమర్శకులు ఇట్లా ఉంటే సాహిత్యం ఏం బాగుపడుతుంది చెప్పండి. ఈ పిన్నమ్మ కొడుకు బెంగళూరులో ఉద్యోగం పోగొట్టుకోని వచ్చి ఎనిమిది నెలలుగా మిద్దె మీది రూములోనే ఉన్నాడు. ఎవరడిగినా గ్యాస్ అని చెప్తుంది. మొన్న అలిపిరి కాణ్ణించి 3550 మెట్లకీ వంగి వంగి పసుపు రాసి బొట్టు పెట్టుకుంటా ఎక్కింది, మూడు రోజులైనా ఉంగరం వేలు ఎర్రగానే ఉండింది. ఆ వేలితోనే ప్లేటు పట్టుకోని మిద్దెక్కి, తలుపు ముందర పెట్టి, ఒకసారి తట్టి, నాలుగు మెట్లు దిగి గోడకి ఆనుకోని నిలబడుతుంది. ప్లేటు లోపలికి జరిగిన చప్పుడు వినబడితేనే కిందికొస్తుంది. వినబడకపోతే అట్లే నిలబడి ఉంటాది, కూర చల్లారిపోయిందాకా.

ఇందులో కిటికీ లేదు, కాఫీ లేదు, కాబట్టి కథకి పనికిరాదు. వదిలేసినా.

ఒక కాయితం మీద 14416 రాసిచ్చి, టెలి మానస్ పిన్నమ్మా, మనసు బాగలేనోళ్లు మాట్లాడేదానికి గవర్నమెంటు పెట్టిన ఫోన్ నంబరు, 2022 నించీ ఉంది, పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, అన్నా. ఆమె కాయితం కొంగుకి ముడేసుకోని నా మొహం చూసి, "నీ కండ్లేంది, అట్ల గుంటలు పడినాయి?" అనింది.

"గ్యాస్ పిన్నమ్మా."

నిద్ర పట్టకపోవడం కథ కోసం చేస్తున్న రీసెర్చి, అంతే. దిగులుగా, ఏదీ నచ్చకుండా రెండు వారాలు ఉంటే డాక్టర్లు డిప్రెషన్ అనే మాట ఎత్తుతారు, నాకు అప్పటికి పదమూడు రోజులే. పద్నాలుగో రాత్రి మిద్దెక్కినా. కథలో పెట్టబోయే నంబరు పనిచేస్తాదో లేదో చూసుకోవడం రచయిత బాధ్యత కదా, అందుకే చేసినా. అవతల ఒకమ్మాయి "చెప్పండి" అనింది.

నంబరు కరెక్టే. చెక్ చేసుకునేదానికి నలభై నిమిషాలు పట్టింది.