పైపులైను పోయే ఊళ్లకు కంపెనీలు పడ్డ బాకీ

కోనసీమలో గ్యాసు బావి ఉన్న ఊరిని గుర్తుపట్టడం తేలికే. హైస్కూలు గదుల మీదో, వాటర్ ప్లాంటు మీదో, బస్ షెల్టరు నెత్తినో కంపెనీ పేరుతో ఒక బోర్డు కనిపిస్తుంది. ఊరివాళ్లను కంపెనీ గురించి అడిగితే మాత్రం ఆ బోర్డు ఊసు ఎవరూ ఎత్తరు. బావి తవ్వే రిగ్గు యంత్రాన్ని మోసే లారీలు తొక్కేసిన పుంత రోడ్డు గురించి చెబుతారు. ఫోను చేసినప్పుడల్లా "పై ఆఫీసుకు చెప్పామండీ" అనే సూపర్‌వైజరు గురించి చెబుతారు. ఏళ్ల తరబడి డబ్బు ఖర్చుపెడుతున్నా కంపెనీకీ ఊరికీ మధ్య నమ్మకం ఎందుకు పెరగలేదు? కంపెనీ ఊరిని సాయం అందుకునే చోటుగా చూస్తోంది. ఊరేమో ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకుని బతుకుతున్నది తాను కాబట్టి, తన మాటకు జవాబు రావాలనుకుంటోంది. తగువంతా ఇక్కడే ఉంది.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం అనే ఊళ్లో, ప్రభుత్వరంగ గ్యాసు రవాణా సంస్థ గెయిల్ పైపులైను పేలింది. నిద్రలో ఉన్నవాళ్లు, అప్పుడే లేచి పనుల్లో పడ్డవాళ్లు 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. తేమ తీసేసిన గ్యాసు పోవాల్సిన గొట్టంలో నీళ్లు కలిసిన గ్యాసు పోవడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. చనిపోయినవారి కుటుంబాలకు కంపెనీ, రాష్ట్రం, కేంద్రం పరిహారం ప్రకటించాయి. కానీ లీకవుతోందని ముందే చెప్పాం, ఎవరూ పట్టించుకోలేదని స్థానికులు ఆ రోజే ఆరోపించారు. పరిహారం ఎంత ఇచ్చినా ఆ ఒక్క మాట చెరగదు.

సహజవాయువుకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. వంటింటి సిలిండరులో ముక్కుకు తగిలే ఘాటు, లీకైతే తెలియాలని కలిపిందే. చేలో పైపు చిన్నగా కారుతుంటే ముందు కనిపించేవి నిలవ నీళ్లలో బుడగలు, ఆ మేరకు పసుపురంగుకు తిరిగి ఎండే గడ్డి. గట్టు మీద రోజూ నడిచే రైతు కంటికి ఇవి ఆనినంత త్వరగా కంట్రోల్ రూములో కూర్చున్న ఇంజినీరుకు ఆనవు. ఆ రైతు ఫోను చేస్తే ఎవరు ఎత్తారు, ఎన్ని గంటల్లో మనిషి వచ్చాడు, వచ్చి చూసి ఏం చెప్పాడు అన్నదాన్ని బట్టే సంబంధం నిలుస్తుంది, లేదా చెడుతుంది. నన్నడిగితే సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) నివేదికలో రూపాయల పట్టిక కంటే ముందు ఫిర్యాదుల పట్టిక ఉండాలి.

బొగ్గుతో పోల్చి చూస్తే ఇక్కడి చిక్కు ఇంకా తెలుస్తుంది. ఎగువన ఇదే గోదావరి పరీవాహకంలో సింగరేణి ఉంది. అక్కడ ఓపెన్ కాస్టుల (నేల పైనుంచే తవ్వే గనులు) మీద, పునరావాసం మీద గొడవలు తక్కువేం కాదు. అయినా తరతరాలుగా ఇంటికొక మనిషి గనిలో పనిచేసిన ఊళ్లున్నాయి. మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి ఉంది. గనిని తిట్టేదీ గని మీద బతికేదీ ఒకే ఇల్లు. గ్యాసుకు అంత మంది మనుషులు అక్కర్లేదు. రిగ్గు ఉన్నన్నాళ్లు హడావుడి. అది వెళ్లిపోయాక కంచె, లోపల వాల్వులు, గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి మిగులుతాయి. ఉద్యోగాలతో బంధం కలుపుకునే దారి ఇక్కడ చాలా సన్నం.

అందుకే కంపెనీలు అడ్డదారి పట్టాయి. ఊళ్లో నోరున్న నలుగురిని పట్టుకుంటే చాలు. ఒకరి కారు అద్దెకు పెట్టుకుంటారు, ఒకరికి లేబర్ కాంట్రాక్టు, ఇంకొకరికి కంకర సరఫరా. ఆ నలుగురూ నోరు మూసుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టే లెక్క. ఇందులో ఊరి తప్పూ ఉంది, కాదనను. కానీ ఎన్నికల్లో సర్పంచి మారగానే ఈ ఏర్పాటు కూలిపోతుంది, కొత్త నలుగురు తయారవుతారు. అవతల అధికారులూ మూడేళ్లకో నాలుగేళ్లకో బదిలీ మీద వెళ్లిపోతారు. కొత్తగా వచ్చినాయనకు 1995 జనవరిలో పాశర్లపూడిలో బ్లో అవుట్ (బావిలోంచి గ్యాసు అదుపు తప్పి ఎగదన్నడం) జరిగిందనీ, ఆ మంట 65 రోజుల పాటు మండిందనీ ఫైల్లో ఒక పేరా. అక్కడివాళ్లకు అది చిన్నప్పుడు ఇల్లొదిలి పారిపోయిన సంగతి.

పైపు కింద భూమి సంగతి చూడండి. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం నేల రైతుదే, పట్టా రైతుదే. కంపెనీకి దక్కేది వాడుకునే హక్కు మాత్రమే. బదులుగా ఇచ్చేది నోటిఫికేషన్ నాటి మార్కెట్ ధరలో 10 శాతం, పంటకూ చెట్లకూ జరిగిన నష్టం వేరే. ఆ మేర ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి చేలో ఈ షరతుతో ఎలాగోలా సర్దుకుపోవచ్చు. కొబ్బరి తోటలో చెట్టు నాటొద్దంటే ఆ పట్టీ జీవితాంతం ఖాళీయే. కొబ్బరికాయల దింపు దింపుగా ఏళ్ల తరబడి వచ్చే ఆదాయానికి ఒక్కసారి చేతిలో పెట్టే 10 శాతం ఏ మూలకు? చట్టం ఇంతే ఇమ్మంది కాబట్టి ఇంతే ఇస్తామనే కంపెనీ కోర్టులో నెగ్గుతుందేమో గానీ తోట యజమాని దగ్గర నెగ్గదు. ఏటా కౌలు లాగా ఇస్తే రైతే ఆ పైపుకు కాపలా కాస్తాడు.

సముద్రం వైపు కొంత మేలు. పైపులైను పనుల వల్ల వేట పోయిన కోనసీమ, కాకినాడ జిల్లాల మత్స్యకారులు 23,458 మందికి నెలకు రూ.11,500 లెక్కన ప్రభుత్వరంగ చమురు, గ్యాసు సంస్థ ఓఎన్‌జీసీ ఇచ్చిన ఆరు నెలల పరిహారం రూ.161.86 కోట్లు 2023 నవంబరులో ఖాతాల్లో పడింది. ఎంత కాలం వేట పోతే అంత కాలం నెలసరి అన్న లెక్క న్యాయమైనది. కాకపోతే దాన్ని కంప్యూటరు బటన్ నొక్కి జమ చేసింది అప్పటి ముఖ్యమంత్రి. డబ్బు కంపెనీది, దండం ప్రభుత్వానికి. కంపెనీకి గంగపుత్రులతో నేరుగా మాట్లాడే అవసరమే రాలేదు.

ఇక నిధుల మాట. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధులు పెట్టారు. వేలంలో వచ్చిన గనులైతే రాయల్టీలో (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) 10 శాతం, పాత లీజులైతే 30 శాతం ఆ జిల్లా ప్రజల కోసం అదనంగా కట్టాలి. బొగ్గు, బాక్సైట్, ఇనుప ఖనిజం తవ్వే జిల్లాలకు ఇది వర్తిస్తుంది. చమురు, గ్యాసు ఆ చట్టం కిందికి రావు కాబట్టి కోనసీమకు ఈ లెక్కన పైసా రాదు. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి, సముద్రంలో బావులదైతే కేంద్రానికి పోతుంది. గాడిమొగలో, ఓడలరేవులో గ్యాసు ఒడ్డుకు చేరుతుంది గానీ రాయల్టీ అక్కడ ఆగదు. మిగిలింది కంపెనీల చట్టం చెప్పిన, లాభాల్లో రెండు శాతం సీఎస్ఆర్. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమని అందులో ఉన్నా, ఎక్కడ ఏం కట్టాలో తేల్చేది కంపెనీ డైరెక్టర్ల బోర్డే. ఊరిది అడుక్కునే స్థానం.

భూమి కుంగుతోందన్న భయం దీనికి తోడు. మురుగు కాలువలు పూడిపోవడం, పైన ఆనకట్టల వల్ల ఒండ్రు తగ్గడం, ఉప్పునీరు ఎగదన్నడం, గ్యాసు తీయడం... చేలో నీరు దిగకపోవడానికి దేని వాటా ఎంతో కొలతలు లేకుండా తేలదు. రైతు గ్యాసే కారణం అంటాడు, కంపెనీ కానే కాదంటుంది. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ జనం కూడా గ్యాసు వల్ల భూమి కంపిస్తోందని, గోడలు పగులుతున్నాయని ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2012లో 3.6 తీవ్రతతో ప్రకంపన వచ్చింది. వాళ్ల ప్రయోజనాలను పట్టించుకోలేదని 2023లో పార్లమెంటు విచారణ సంఘమే తేల్చింది, ఆ అక్టోబరులో ఉత్పత్తి ఆపేశారు. అక్కడ ముందుగా పోయింది నమ్మకం. ఆ తర్వాతే బావి పోయింది.

ఇక్కడ ఇంకా సమయం ఉంది. నగరం పక్కనే ఉన్న తాటిపాక చుట్టుపక్కల పంచాయతీలతో మొదలుపెట్టవచ్చు. ఏ పైపు ఏ సర్వే నంబరు గుండా పోతోంది, ఎప్పుడు వేశారు, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అన్నది పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి. భూమట్టం కొలతలు ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి. చదివేది కంపెనీ మనిషి కాకుండా బయటి ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లయితే ఇంకా మంచిది. ఫిర్యాదు రిజిస్టరు పంచాయతీ దగ్గర ఉండాలి, కంపెనీ దగ్గర కాదు. బదిలీ మీద వెళ్లే అధికారి కొత్తాయన్ను వెంటబెట్టుకుని గ్రామసభకు వచ్చి, పెండింగులో ఉన్న ఫిర్యాదులు చదివి అప్పజెప్పి వెళ్లాలి. వీటిలో వేటికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఖర్చు కూడా ఒక బస్ షెల్టరుకయ్యేంత ఉండదు.