గల్లా పెట్టె ముందు కూర్చోమంటే సరిపోదు నాన్నగారూ

కోనసీమలో అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి వ్యాపారం చేసే ఇళ్లలో మగపిల్లాడికి ఓ వయసు వచ్చాక రోజూ వినపడే మాట ఒకటుంది. "చదివింది చాలు, ఇక కొట్లో కూర్చో." నేను ఉద్యోగంలో ఉన్నా మా ఇంట్లో ఇప్పుడు ఇదే నడుస్తోంది. నేను కాదనట్లేదు. కానీ అవుననడానికి ముందు నేనడిగిన ఒక్క విషయానికి ఇంట్లో పెద్ద గొడవే అయింది. కొట్టు అప్పుల లెక్క చూపించమన్నాను, అంతే.

కురిడీ వ్యాపారం తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. ముదురు కాయని డొక్కతో సహా అటక మీద పోసి ఉంచుతారు. ఎనిమిది నెలలు, పది నెలలు, ఒక్కోసారి ఏడాది. లోపలి నీళ్లు మెల్లగా ఇంకిపోయి, కొబ్బరి పెంకుని వదిలేసి గుండులా తయారవుతుంది. అదే కురిడీ. మా నాన్నగారు కాయని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపుతారు. లోపల గుండు పెంకుకి తగిలి గలగలమంటే ఒలుపుకి పంపుతారు, ఇంకా తడి చప్పుడు వస్తే మళ్లీ అటకెక్కిస్తారు. ఏది గండేరా రకం, ఏది గటగటా రకం అని ఆయన కాయ చూసి చెప్తుంటే ఒలిచేవాళ్లు కూడా చేయి ఆపి చూస్తారు. ఆ పనితనం మీద నాకు చెప్పలేనంత గౌరవం. అది నేర్చుకోవాలని చిన్నప్పటి నుంచీ ఉంది.

అయితే ఆ ఏడాది పొడుగునా అటక మీద ఉండేది కాయలొక్కటే కాదండీ, డబ్బు కూడా. చెట్ల మీంచి కాయలు దించే పనిని దింపు అంటాం. ఆ దింపుకి ముందే రైతుకి బయానా ఇవ్వాలి. దింపు కూలి, ఒలుపు కూలి అప్పటికప్పుడు చేతిలో పెట్టాలి. సరుకు లారీకెక్కి గుజరాత్‌కో రాజస్థాన్‌కో వెళ్లాక అక్కడి సేటు డబ్బు పంపేది ఆయనకి వీలైనప్పుడు. ఈ మధ్యలో నడిచేదంతా అరువు మీదే. అటక మీద ఎన్ని వేల కాయలున్నాయో మా ఒలుపు మనిషిని అడిగినా చెప్తాడు. అందులో మా సొంత డబ్బెంత, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందెంత అంటే అది నాన్నగారికి తప్ప ఇంకెవరికీ తెలీదు. మా అమ్మకీ తెలీదు. కాగితం మీద సగం ఉంటుంది, మిగతాది ఆయన బుర్రలో ఉంటుంది.

"నేనుండగా నీకెందుకురా ఆ టెన్షన్?" అంటారు. ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ రేపు ఆయన మంచాన పడితే ఏ సేటు ఎంత ఇవ్వాలో నేనెవర్ని అడగాలి? బాకీ ఉన్న సేటు ఫోన్ ఎత్తకపోవచ్చు. అప్పిచ్చినవాళ్లు మాత్రం మర్నాడే గుమ్మంలో ఉంటారు. ఈ జిల్లాలో పెద్దాయన పోయాక కొడుకులు తోటలు అమ్ముకున్న కథ వినని ఊరుందా? వాళ్లలో అందరూ చేతకానివాళ్లేం కాదు. ఎంత అప్పుందో తెలియకుండానే పీట మీద కూర్చున్నవాళ్లు చాలామంది.

నేను లెక్క అడిగినప్పుడల్లా నాన్నగారు 2025ని గుర్తు చేస్తారు. నిజమే, ఆ ఏడు కొబ్బరి ఎవరూ ఊహించనంత పలికింది. కేంద్రం కురిడీ కొబ్బరికి క్వింటాకి 12,100 రూపాయల మద్దతు ధర ప్రకటిస్తే బజారు ధర దాన్ని దాటి ఎక్కడికో పోయింది. అటక మీద పాత సరుకున్నవాళ్లు బాగుపడ్డారు, మేమూ బాగుపడ్డాం. మరి 1996 నవంబరు 6 సంగతో? ఆ రాత్రి తుపానుకి కోనసీమలో చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. మళ్లీ నాటిన దేశవాళీ మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. ఆ ఏళ్లన్నీ ఎలా నెట్టుకొచ్చారో, ఎవరి దగ్గర ఎంత తెచ్చారో మా నాన్నగారు ఇప్పటికీ నోరు విప్పరు. నాకు పనికొచ్చే చదువు ఆ ఏళ్లలోనే ఉంది. మంచి ఏడాది లాభం ఎవరైనా ఎంచగలరు.

ఇంకొకటి నన్ను బాగా తొలిచేస్తోంది. మా తోటల్లో ఏళ్ల తరబడి దింపు తీసిన ఒకాయన కొడుకు ఐటీఐ చదివి వైజాగ్‌లో పనిలో చేరాడు. మా నాన్నగారు వాడి భుజం తట్టి "మీ నాన్న కష్టం నీకు రాకూడదురా, మంచి పని చేశావ్" అన్నారు. మనస్ఫూర్తిగా అన్నారు. దింపుకి మనుషులు దొరక్క అల్లాడుతున్న రోజుల్లో కూడా అన్నారు. ఆ కుర్రాడు తండ్రి పని వదిలితే ఎదుగుదల అయింది. నేను తండ్రి పని గురించి నాలుగు ప్రశ్నలు అడిగితే కన్నవాళ్ల రుణం మర్చిపోయినవాణ్ని ఎలా అయ్యాను? పరాయి పిల్లాడి విషయంలో ఉన్న ఆ పెద్ద మనసు సొంత కొడుకు దగ్గర ఎందుకు ఇరుకైపోతుందో నాకు అర్థం కాదు.

పెళ్లి మాటల్లో అయితే మరీ అన్యాయం. సంబంధం వాళ్లు వస్తే "అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు" అని చెప్పమంటారు మా బాబాయిలు. కొట్లో కూర్చుంటాడంటే పిల్లనివ్వరట. అంత చిన్నతనం అనిపించే పనిలోకి నన్ను రమ్మనడం దేనికి? చిన్నతనం కాదనుకుంటే గట్టిగా చెప్పండి, నేను తలెత్తుకుని కూర్చుంటాను.

మా అక్క సంగతి కూడా చెప్పాలి. ఇంటర్ చదివే రోజుల్లోనే లారీ లోడు కాయల లెక్క తనే రాసేది. గుమస్తా లెక్కలో తప్పు పట్టుకునేది కూడా తనే. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన హక్కు ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో 1986లోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా కొట్టు గురించి అక్క మనసులో ఏముందో ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నామీద ఆశలు పెట్టుకుని నన్ను నలిపేస్తున్నారు, తన మీద ఏ ఆశా పెట్టుకోకుండా తనని పక్కన పెట్టేశారు. పనొచ్చినవాళ్లకి కొట్టు ఇవ్వాలంటే ముందు పిలవాల్సింది మా అక్కనే.

"నాన్నగారిని లెక్క అడుగుతావా?" అని ఫోన్ చేసి మరీ చీవాట్లు పెడుతున్న చుట్టాలందరికీ ఒకే మాట. నాకు ఆయన మీద అనుమానం లేదు. ఆయన ఒక్కరే మోస్తున్న బరువు ఎంతో తెలిస్తేనే కదా నేను భుజం ఇవ్వగలిగేది.

నాన్నగారితో చెప్పాల్సింది నెమ్మదిగానే చెప్పాను. దసరా బేరాలు మొదలయ్యేలోపు ఒక పూట కొట్టు మూసేసి మీరు, అమ్మ, అక్క, నేను కూర్చుందాం అన్నాను. రావాల్సినవి, ఇవ్వాల్సినవి, వడ్డీలు మీరు చెప్తూ ఉంటే అక్క రాస్తుంది. ఆ పుస్తకం పూర్తయ్యాక అప్పెంత ఉన్నా సరే, ఉద్యోగం మానేసి వస్తాను. కాయ ఊపి చూడటం మీ దగ్గరే నేర్చుకుంటాను. అదేమీ చూపించకుండా కుర్చీ ఒక్కటే ఇస్తానంటే మాత్రం రాను.

ఆయన ఇంకా ఏమీ అనలేదు.