అంబలి శాఖ వెంటనే ఏర్పాటు చేయాలి

క్యాన్సర్ ఆసుపత్రుల మీద కోట్లు తగలేస్తున్న ప్రభుత్వాలు ఒక్కసారి వాట్సాప్ తెరిచి చూడాలి. కుండెడు అంబలికి లొంగని కణితి లేదని అక్కడ ఎప్పుడో తేలిపోయింది. పరిశోధన ఒక్కటే మిగిలింది. అది తీరిగ్గా చేసుకోవచ్చు.

విధానం సులువు. ఒక వంతు కొర్రపిండికి పది వంతుల నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి, గుడ్డ కట్టి, ఎనిమిది గంటలు పులియనివ్వాలి. లాక్టిక్ బ్యాక్టీరియా కోట్లలో పుట్టుకొస్తుంది, రోగనిరోధక సైన్యం సిద్ధం. ఆపైన ఆ సైన్యాన్ని పొయ్యి మీద పెట్టి తెర్లేదాకా కాచాలి. దాదాపు ఒక్క సిపాయి మిగలడు. ఇడ్లీపాత్రలోనూ జరిగేది అదే. బ్యాక్టీరియా ప్రాణంతోనే కావాలనే మొండివాళ్లు ముందు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, నిన్నటి పులిసిన అంబలి ఓ గరిటెడు కలిపి తెల్లారేదాకా ఉంచుతారు. పాతకాలపు పద్ధతి, వీడియోకి పనికిరాదు.

ఇక చద్దన్నం. నూరు గ్రాముల్లో 3.4 మిల్లీగ్రాములున్న ఇనుము రాత్రికి రాత్రే 73.91 అవుతుందట! పులిస్తే, ఇనుమును ఒంటికి అందనీయకుండా పట్టి ఉంచే ఫైటేట్ విరిగి, ఉన్న ఇనుమే ఒంటికి కాస్త బాగా పడుతుంది. నిజమే గానీ చప్పగా ఉంది. బ్యాక్టీరియా ఖనిజాన్ని పుట్టించలేదు కనక ఆ మిగతా డెబ్భై కుండలోంచి రావాలి, లేదా రాసినవాడి కలంలోంచి. ఏదైతేనేం, బయ్యారం ఉక్కు ఫ్యాక్టరీకి ఇక ఖనిజం గొడవ లేదు, చద్దికుండలు వరసగా పెడితే చాలు.

పొట్టు తీయని ధాన్యం రోజుకు 90 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 17 శాతం తగ్గుతుందని వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ 2017లో లెక్కగట్టింది. పులియబెట్టమని అనలేదు, వచ్చిన కణితి కరుగుతుందనీ అనలేదు. పిరికితనం. గింజ పులియడమే మహత్తయితే బార్లీ చేసిన పాపమేమిటి? అది పులిస్తే బీరు. మద్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఈ చిన్న విషయం మన కరపత్రాల్లో వేయనక్కర్లేదు.

డాక్టర్ల మాటా విందాం. అన్నం ఉడికినా బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు చావవట. వార్చిన అన్నాన్ని గంటల తరబడి వెచ్చగా వదిలేస్తే అవి మొలకెత్తి వాంతుల విషం విడుస్తాయట, మళ్లీ కాచినా ఆ విషం పోదట. పులుపు త్వరగా ఎక్కితేనే వాటి జోరు తగ్గుతుంది. అందుకే కీమోతో తెల్లకణాలు పడిపోయినవాళ్లు, కాచకుండా తాగే పులిసిన గంజి జోలికి తమను అడక్కుండా వెళ్లొద్దంటారు. ఇది అంబలి మీద అసూయేనని మా ప్రాథమిక నిర్ధారణ.