గోడలు దూకే మాండొలిన్

సంగీతానికి హద్దులుండాలని గట్టిగా నమ్మేవాళ్లలో నేనొకణ్ణి. శాస్త్రీయం హాల్లో, జానపదం పెరట్లో, సినిమా పాట వరండాలో ఉంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఎక్కడ తల ఊపాలో, ఎక్కడ ఈల వేయాలో, ఎక్కడ దగ్గు ఆపుకోవాలో అందరికీ తెలిసి చస్తుంది. ఇంత చక్కటి ఏర్పాటును ఒక అమెరికన్ పాడు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేక ఈ ఫిర్యాదు రాస్తున్నాను. నిందితుడి పేరు క్రిస్ థీలీ. దగ్గర దొరికిన వస్తువు, మాండొలిన్.

ముందు పూర్వాపరాలు. 1981లో కాలిఫోర్నియాలోని ఓషన్‌సైడ్‌లో పుట్టాడు. ఐదేళ్లకే మాండొలిన్ పట్టాడు. పోనీ ఏ పెద్ద విద్వాంసుడి ఇంట్లోనో నీళ్లు మోసి నేర్చుకున్నాడా అంటే అదీ లేదు. దగ్గర్లోని కార్ల్స్‌బాడ్‌లో ఒక పిజ్జా హోటల్లో వారం వారం జరిగే బ్లూగ్రాస్ (అదో అమెరికన్ జానపద బాణీ) కచేరీలు వింటూ పెరిగాడు. అక్కడ పరిచయమైన వాట్కిన్స్ అన్నాచెల్లెళ్లతో కలిసి 1989లో, ఎనిమిదేళ్ల వయసులో, ‘నికెల్ క్రీక్’ బృందం కట్టేశాడు. పిజ్జా హోటల్‌కు తీసుకెళ్తే పిల్లలు పిజ్జా తినాలి. అలా తినకుండా వదిలేస్తే ఏమవుతుందో తల్లిదండ్రులు గమనించాలి. 2012లో మెకార్థర్ ఫౌండేషన్ వాళ్లు ఇతనికి 5 లక్షల డాలర్ల ఫెలోషిప్ ఇచ్చారు. అంటే ఇలాంటి వాళ్లను అక్కడ మందలించే నాథుడే లేడు.

అసలు నేరం 2013లో జరిగింది. జర్మన్ శాస్త్రీయ సంగీతకర్త బాఖ్ 1720లో ఒంటరి వయొలిన్ కోసం శుభ్రంగా రాసి పెట్టుకున్న సొనాటాలు, పార్టీటాలు అనే పలు భాగాల రచనల్లో మూడింటిని ఇతను మాండొలిన్ మీద వాయించి ఆల్బమ్‌గా తెచ్చాడు. అడిగితే చెప్పడానికి సాకు కూడా ఉంది. రెండు వాద్యాల తీగల శ్రుతీ ఒకటే: జి, డి, ఎ, ఇ. వేళ్లు పడే చోట్లు ఇంచుమించు అవే. కాదనలేం. కానీ వయొలిన్‌కు కమాను ఉంది. లాగినంతసేపూ స్వరం నిలబడుతుంది. మాండొలిన్‌కు ఉన్నదల్లా వేళ్ల మధ్య చిన్న పిక్ ముక్క. మీటగానే పుట్టిన స్వరం అప్పుడే పోవడానికి సిద్ధమవుతుంది. అందుకే మాండొలిన్ వాళ్లు పొడుగు స్వరం కావాలంటే అదే స్వరాన్ని గబగబా మీటి వణికిస్తారు. దాన్ని ట్రెమొలో అంటారు, అది ఆ వాద్యానికి పుట్టుకతో వచ్చిన హక్కు.

ఇతను ఆ హక్కును కూడా చాలావరకు వదులుకున్నాడు. జి మైనర్ సొనాటా మొదటి భాగం అడాజియో, అంటే నెమ్మదిగా సాగేది, వినండి. నాలుగు తీగలు కలిసి మోగే పెద్ద కార్డ్‌తో మొదలవుతుంది. థీలీ దాన్ని మీటి ఊరుకుంటాడు. నాదం సన్నబడుతుంటే మన చెవే దాన్ని పట్టుకుని తర్వాతి స్వరం దాకా మోసుకెళ్లాలి. టికెట్ డబ్బులు మనవి, మోతా మనదే! కాస్త కుదురుకున్నామనుకునేలోపు చివరి ప్రెస్టో, అంటే మహా వేగంగా సాగే భాగం, వచ్చి పడుతుంది. పిక్ కిందికీ పైకీ, కిందికీ పైకీ, ఆగేదే లేదు. ఉన్నవి జంట తీగలు, ఒక్క స్వరం కావాలన్నా వేలు రెండు ఉక్కు తీగల్ని కలిపి నొక్కాలి. అయినా ఒక స్వరం ఇంకో స్వరం కాలు తొక్కదు. స్టేజీ మీద మనిషి మోకాళ్లు వంచి, నడుము ఊపి, మెడ సాచి నానా తంటాలు పడుతున్నట్టు కనిపిస్తాడు గానీ ఆ కుడి మణికట్టుకు మాత్రం టెన్షన్ అనేదే ఉండదు. కష్టపడి వాయించేవాళ్లను అవమానించడం కాక ఇదేమిటి?

బాఖ్ తరఫున మాట్లాడదామంటే ఆయనే చిక్కు తెచ్చిపెట్టాడు. వివాల్డి అనే ఇంకో సంగీతకర్త రాసిన కన్చెర్టోలను తెచ్చుకుని ఆర్గన్‌కూ హార్ప్సికార్డ్‌కూ మార్చుకున్న ఘనుడాయన. తన ఇ మేజర్ వయొలిన్ పార్టీటా మొదటి భాగాన్ని తానే ఒక కాంటాటాలో (గాయకులూ వాద్యాలూ కలిసే రచనలో) ఆర్గన్‌కు అప్పగించాడు. కక్షిదారే ఇలా ఉంటే వకీలు ఏం వాదిస్తాడు?

సరే, బ్లూగ్రాస్ పెద్దల తరఫున వాదిద్దాం. తరతరాల కెంటకీ కొండల సంప్రదాయం కదా! తీరా చూస్తే దాని వయసు మా తాతగారి కన్నా తక్కువ. బిల్ మన్రో అనే ఆయన స్కాటిష్ ఫిడిల్ బాణీలు, చర్చి పాటలు, నల్లజాతి గిటారిస్టుల దగ్గర విన్న బ్లూస్ అన్నీ కలిపి కొట్టిన మిశ్రమం అది. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ బాంజోతో వచ్చి చేరాక గానీ దాని రూపు స్థిరపడలేదు. ఇంకా ఘోరం ఆ మాండొలిన్ కథ. గిబ్సన్ కంపెనీలో లాయిడ్ లోర్ అనే ఆయన 1920ల మొదట్లో ఎఫ్-5 మాండొలిన్ తయారు చేయించింది కొండ పాటల కోసం కాదు. వయొలిన్‌లా ఎఫ్ ఆకారపు కంతలు పెట్టి, శాస్త్రీయ కచేరీల్లో వాయిస్తారని ఆశపడ్డాడు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. 1924 చివర్లో ఆయన కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లకు అలాంటిదొకటి ఫ్లోరిడాలో ఒక సెలూన్‌లో అమ్మకానికి కనిపిస్తే మన్రో 150 డాలర్లకు కొన్నాడని చెబుతారు. ఆ తర్వాత బ్లూగ్రాస్ అంటే ఎఫ్-5, ఎఫ్-5 అంటే బ్లూగ్రాస్. ఇప్పుడు థీలీ వాయించేది లోర్ సంతకం ఉన్న 1924 నాటి ఎఫ్-5. దాని మీద బాఖ్ వాయిస్తున్నాడంటే, వస్తువును అసలు యజమానికి అప్పజెబుతున్నాడన్నమాట. దొంగతనం కేసు పెడదామని వస్తే ఇది రికవరీ కేసుగా తేలింది.

అవార్డుల వాళ్లు మాత్రం ఏం చేస్తారు పాపం. 2011లో సెల్లో విద్వాంసుడు యో-యో మా, ఎడ్గర్ మేయర్, స్టువర్ట్ డంకన్‌లతో కలిసి థీలీ ‘గోట్ రోడియో సెషన్స్’ చేశాడు. దానికి గ్రామీల్లో ఉత్తమ జానపద ఆల్బమ్ బహుమతి వచ్చింది. దాని రికార్డింగ్‌కు ‘శాస్త్రీయేతర’ విభాగంలో ఇంకోటి. జీవితమంతా శాస్త్రీయ సంగీతానికి ధారపోసిన యో-యో మా ఒక్క రాత్రిలో జానపద కళాకారుడైపోయాడు. చెడు సావాసం అంటే ఇదే.

ఇక మిగిలింది మన గడ్డ. మన దగ్గర ఇలాంటివి జరగవని చెప్పి ముగిద్దామనుకుంటే పాలకొల్లు గుర్తొచ్చింది. థీలీ పుట్టడానికి మూడేళ్ల ముందే, 1978లో, ఆ ఊళ్లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గుడివాడలో మాండొలిన్ మీద తొలి కచేరీ చేశాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే ఆ పిల్లవాడు విని తీగల మీద దింపేవాడు. జంట తీగల మీద గమకం పలకదంటే ఎనిమిది తీగల్ని ఐదు ఒంటి తీగలు చేసి, కరెంటు పెట్టుకున్నాడు. ఇటలీ వాద్యం మీద త్యాగరాజ కీర్తనా అని పెద్దలు పెదవి విరిచారు. పెదవులు మళ్లీ మామూలయ్యేసరికి ఆయన ఇంటిపేరే మాండొలిన్ అయింది. 1998లో పద్మశ్రీ ఇచ్చారు. 2014లో, 45 ఏళ్లకే, వెళ్లిపోయారు. ఆయన మీద ఫిర్యాదు రాసే ధైర్యం నాకు లేదు. మా ఇంట్లోవాళ్లే నాకు అన్నం పెట్టరు.

కాబట్టి డిమాండ్లన్నీ వెనక్కి తీసుకుని ఒక్కటే అడుగుతున్నాను. సింఫనీ హాల్లో భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొడితే పక్కవాడు కొరకొరా చూస్తాడు. బ్లూగ్రాస్‌లో సోలో అయ్యాక చప్పట్లు కొట్టకపోతే అదే పక్కవాడు అలాగే చూస్తాడు. బాఖ్ నుంచి నేరుగా ఫిడిల్ బాణీలోకి దూకే మనిషి ముందు మర్యాదస్తుడైన శ్రోత ఏం చేయాలి? స్టేజీ మీద రెండు బల్బులు పెట్టండి. ఎర్రది వెలిగితే ఊపిరి బిగబట్టి కూర్చుంటాం, పచ్చది వెలిగితే ఈల వేస్తాం. రెండూ ఒకేసారి వెలిగితే ఏం చేయాలో ఎలక్ట్రీషియన్ చెప్పాలి.