తోక మార్చినంతనే జాతి మారునా?

కడప ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లోని ఒక డీటీపీ దుకాణంలో మొన్న నాకు వైరాగ్యం కలిగింది. ఇంట్లో లిబ్రేఆఫీసు అనే ఉచిత సాఫ్ట్‌వేరులో టైపు చేసుకున్న అర్జీని పెన్‌డ్రైవులో పట్టుకుపోతే, అక్కడి పిల్లవాడు ఫైలు పేరు చివర ఓడీటీ అన్న తోకను చూసి, "ఇదేందో వేరే ఉంది సార్, డాక్ఎక్స్ చేసేస్తా ఉండండి" అంటూ ఆ మూడక్షరాలూ చెరిపి మైక్రోసాఫ్ట్ వర్డ్ వారి తోకను కొట్టాడు. ఫైలు పాడైపోయిందని వర్డ్ ప్రకటించింది. "మీ పెన్‌డ్రైవులో వైరస్ ఉంది సార్" అని అతడు నన్ను జాలిగా చూశాడు.

అతణ్ణి తప్పుపట్టను. మన పల్లెల్లో అన్నదమ్ములిద్దరికీ ఇలవేల్పు పేరే పెట్టవలసివస్తే పెద్ద ఓబన్న, చిన్న ఓబన్న అని పిలుచుకునే ఇంగితం మనకుంది. సాఫ్ట్‌వేర్ పెద్దలకు ఆ పాటి శ్రమ కూడా దండగ అనిపించింది. లిబ్రేఆఫీసుకు పూర్వీకుడైన ఓపెన్ఆఫీస్ వారు ఫైళ్లు దాచే పాత పద్ధతి పేరు ఓపెన్ఆఫీస్ ఎక్స్ఎంఎల్. దాని వారసుడైన ఓపెన్‌డాక్యుమెంట్, అంటే మన ఓడీటీ, 2005లో ప్రమాణాలు రూపొందించే ఒయాసిస్ సంస్థ ఆమోదం పొందింది. మరుసటి ఏడు డిసెంబరులో ప్రమాణంగా నిలబడిన తమ డాక్ఎక్స్‌కు మైక్రోసాఫ్ట్ వారు, బాగా ఆలోచించి, ఆఫీస్ ఓపెన్ ఎక్స్ఎంఎల్ అని నామకరణం చేశారు. ఆ ప్రమాణం కోసం ఆరువేల పైచిలుకు పుటలు రాయగలిగిన వారికి పేరు కోసం కొత్త మాట ఒక్కటి దొరకలేదు. 2007లో మన దేశం వద్దని ఓటు వేసినా, 2008లో అది అంతర్జాతీయ ప్రమాణమై కూర్చుంది. అందులోనూ నియమాలు కఠినంగా పాటించే స్ట్రిక్ట్ అని ఒక రకం, పాత అలవాట్లను సహించే ట్రాన్సిషనల్ అని ఒక రకం, రెండింటికీ తోక మాత్రం ఒకటే. ఒక్క ఎక్స్ తక్కువైన పాత డాక్‌కేమో లోపలి కట్టుబడే వేరు.

నిజానికి ఓడీటీ, డాక్ఎక్స్ రెండూ పలు ఫైళ్లను కుదించి కట్టిన జిప్ మూటలే. మూట విప్పితే ఒకదానిలో మన రాత కంటెంట్ అనే ఫైలులో ఉంటుంది, రెండోదానిలో వర్డ్ అనే ఫోల్డరులోని డాక్యుమెంట్ అనే ఫైలులో ఉంటుంది. పైన చీటీ మార్చితే లోపలి సరుకు మారదు. అదే 2005లో మా ఊరి ఇంగ్లీషు స్పెల్లింగును సర్కారు వారు మార్చినప్పుడు కూడా ఏడు రోడ్లు ఎనిమిది కాలేదు.

పాత తోకనే తగిలించి, వర్డ్‌లోనే తెరవమని బతిమాలాను. తెరుచుకుంది, 2009 నుంచి వర్డ్‌కు ఆ విద్య వచ్చునట. పిల్లవాడు అర్జీ అచ్చు తీసి, వైరస్ తీసినందుకు మరో ఇరవై రూపాయలు అడిగాడు.