పాటకు 7,928 ఉద్యోగాలు

దక్షిణ కొరియా సంస్కృతి, క్రీడలు, పర్యాటక మంత్రిత్వ శాఖ 2020 సెప్టెంబరు 7న ఒక లెక్క ప్రకటించింది. ఏడుగురు గాయకుల బీటీఎస్ బృందం పాడిన 'డైనమైట్' పాట, అమెరికాలో వారం వారం పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది కాబట్టి, దానివల్ల దేశానికి లక్షా 70 వేల కోట్ల వాన్ల ఆర్థిక ప్రయోజనం కలుగుతుందట. దానితోపాటు 7,928 ఉద్యోగాలు పుడతాయట. సుమారు ఎనిమిది వేలు అనలేదు. పోనీ 7,930 అని కూడా అనలేదు. 7,928.

పాట విడుదలైంది ఆగస్టు 21న. అంటే లెక్క బయటికి వచ్చేనాటికి దాని వయసు పదిహేడు రోజులు. ఇరవై ఒకటో రోజున బారసాల చేసే ఇళ్లలో ఇంకా బిడ్డకు పేరైనా పెట్టి ఉండరు. ఇక్కడ అప్పటికే బిడ్డ సంపాదన తేల్చేసి, ఆ సంపాదన మీద ఎంతమంది బతుకుతారో కూడా రాసి పెట్టేశారు.

అప్పటి నుంచి ఈ అంకె నన్ను వదలడం లేదు. సంస్కృతిని ఎగుమతి చేయడం ఎలాగో ఉపన్యసించే ప్రతి పెద్దమనిషీ మూడో నిమిషంలో దాన్ని జేబులోంచి తీస్తాడు. సభ నోరు వెళ్లబెడుతుంది. వెనువెంటనే, మన దగ్గర ఇలాంటివి ఎందుకు లేవని ఒక నిట్టూర్పు. ఎందుకు లేవండీ? సినిమా విడుదలైన మూడో రోజుకే వందల కోట్ల పోస్టరు వేసే నేల మనది. గ్రాసుకూ షేరుకూ తేడా మన పిల్లలు ఎక్కాలకంటే ముందు నేర్చుకుంటారు. అంకెల విషయంలో మనకు ఇంకొకరు పాఠాలు చెప్పనక్కర్లేదు. కాకపోతే మన పోస్టరు మీద నిర్మాత పేరు ఉంటుంది, రాజముద్ర ఉండదు.

లెక్క కట్టిన తీరు చూడాలి. పాట మీద నేరుగా వచ్చే రాబడి ఒక పద్దు. పాట విని మురిసిపోయిన ప్రపంచం కొనబోయే కొరియా సౌందర్య సాధనాలు, తినుబండారాలు, బట్టలు మరో పద్దు, 37,170 కోట్ల వాన్లు. ఒక రంగంలో పెట్టిన ఖర్చు మిగతా రంగాల్లో ఎంత పని పుట్టిస్తుందో చూపే ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టికలో ఈ రెంటినీ పోసి తిప్పితే, ఉత్పత్తి పెరుగుదల 1,23,240 కోట్లని ఒక అంకె, అదనపు విలువ 48,010 కోట్లని ఇంకో అంకె రాలాయి. రెండూ కలిపేసి లక్షా 70 వేల కోట్లన్నారు. ఉత్పత్తి విలువలోనే అదనపు విలువ ఇమిడి ఉంటుందని ఇంటర్మీడియట్ ఎకనామిక్స్ పుస్తకంలోనే ఉంటుంది. అంటే ఒకే సొమ్మును రెండుసార్లు లెక్కపెట్టారు. అయినా ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి ఒక్క మనిషిని కూడా అటూ ఇటూ కానివ్వలేదు. ఆ నిష్ఠకు దండం పెట్టాలి.

అన్నట్టు, ఇంత దేశభక్తి పొంగించిన ఈ పాటలో కొరియా మాట ఒక్కటీ లేదు. మొత్తం ఇంగ్లిషే. రాసిన ఇద్దరూ బ్రిటన్ వాళ్లు. వాళ్లను కూడా ఈ లెక్కలో కలిపేసి ఉంటే కొరియన్లకు మిగిలేవి 7,926 ఉద్యోగాలే.

పాట నిడివి 3 నిమిషాల 19 సెకన్లు. భాగిస్తే సెకనుకు దాదాపు నలభై ఉద్యోగాలు. ఇక సేజాంగ్ నగరంలోని మంత్రిత్వ శాఖ కార్యాలయానికి మర్నాడు పొద్దున్నే ఒక నిరుద్యోగి వచ్చాడనుకుందాం.

"అయ్యా, నేను 7,929వ వాణ్ణి."

గుమాస్తా పట్టిక తిరగేస్తాడు. "మీ ముందువారితో పాట అయిపోయిందండీ."

"ఒక్క మనిషే కదా, ఎక్కడో ఒకచోట సర్దండి."

"ఒక్క మనిషంటే సెకనులో నలభయ్యో వంతు. అంత పాట నేనెక్కడి నుంచి తేవాలి?"

"చివర్లో చిన్న దీర్ఘం తీయిస్తే సరిపోతుంది కదండీ."

"దీర్ఘం తీస్తే మీ ఒక్కరితో ఆగుతుందా? రెండు సెకన్లు సాగిందంటే ఎనభై మంది వచ్చి పడతారు. వాళ్లందరినీ ఎక్కడ కూర్చోబెట్టమంటారు?"

ఇంతలో 7,928వ వాడు సంతకం పెట్టడానికి వస్తాడు. లిప్‌స్టిక్కులు సర్దే అట్టపెట్టెలకు జిగురు రాసే పని ఆయనది.

"పాట విన్నారా?" అంటాడు గుమాస్తా.

"లేదండీ. నాకు మా నాన్న కాలం నాటి ట్రాట్ పాటలంటేనే ఇష్టం."

"ఆ మాట బయట అనకండి. మీ ఉద్యోగం ఈ పాట వల్ల పుట్టింది."

"నేను ఆ కంపెనీలో పదకొండేళ్లుగా ఉన్నానండీ."

"ఉండవచ్చు. పుట్టింది మాత్రం మొన్నే. ఇక్కడ సంతకం పెట్టండి."

నిరుద్యోగి ఇంకా కదలడు. గుమాస్తాకు జాలి వేస్తుంది. "చూడు బాబూ, ఈ పాటకు రీమిక్సులు కూడా వచ్చాయి. అకూస్టిక్ ఒకటి, ఈడీఎం ఒకటి, ట్రాపికల్ ఒకటి, ఈతకొలను పక్కన కూర్చుని వినడానికి పూల్‌సైడ్ అని ఇంకొకటి. పూల్‌సైడ్‌లో ఖాళీ ఉందేమో కనుక్కో. అక్కడా లేకపోతే ఆ జిగురాయన రాజీనామా చేసేదాకా ఆగు. కానీ ఆయన వెళ్లిపోతే పాటలోంచి ఒక స్వరం ఊడిపోతుందేమోనని మా పై అధికారికి దిగులు."

ఇదంతా నవ్వులాటే. నవ్వు రానిది ఒకటుంది. కూడికలు ఇంత నేర్పుగా చేసేవాళ్లకు తీసివేత ఎందుకు రాదు? ఈ పత్రం రావడానికి పదకొండు నెలల ముందు, 2019 అక్టోబరు 14న కొరియా గాయని, నటి సల్లీ చనిపోయింది. పాతికేళ్లు. పదకొండేళ్లకే ఈ రంగంలోకి తెచ్చిన పిల్ల. నవంబరు 24న ఆమె స్నేహితురాలు, గాయని గూ హారా. ఇరవై ఎనిమిదేళ్లు. వాళ్ల గురించి వచ్చిన ప్రతి వార్త కిందా ఏళ్ల తరబడి మనుషులు రాయకూడని రాతలు రాశారు. ఆ రాతల కోసం జనం వచ్చేవారు, జనం కోసం ప్రకటనలు వచ్చేవి, కాబట్టి ఆ తలుపు తెరిచే ఉంచారు. సల్లీ పోయాక డౌమ్ పోర్టల్ వినోద వార్తల కింద వ్యాఖ్యలు మూసేసింది. మరో పోర్టల్ నేవర్ 2020 మార్చి దాకా ఆగింది. మూయడం అంత తేలికైన పనే అయితే ఆ పిల్ల బతికుండగా ఎందుకు మూయలేదు? గూ హారా ఉన్న కారా బృందం జపాన్‌లో ఎన్ని రికార్డులు అమ్మిందో పరిశ్రమ మరిచిపోయిందా? వాళ్ల పాటలకూ అట్టపెట్టెలు అతికి ఉంటాయి, లారీలు తిరిగి ఉంటాయి. వాళ్లు తెచ్చిన సొమ్ము ఎగుమతి పద్దులో ఉంది. వాళ్లు మాత్రం ఏ పద్దులోనూ లేరు. ఒక పాట వల్ల పుట్టబోయే ఉద్యోగాలను ఒకట్ల స్థానం దాకా చెప్పగలిగిన వ్యవస్థకు, ఆ పాటల కర్మాగారంలో ఎంతమంది పిల్లలు నలిగిపోతున్నారో లెక్కపెట్టే తీరిక లేదు. సిగ్గుండాలి.

అభిమానుల సంగతి ఇంకో తీరు. 'డైనమైట్' వీడియోను మొదటి 24 గంటల్లో 10 కోట్ల 11 లక్షల సార్లు చూశారు. అమెరికాలో మొదటి వారం 3 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి, అందులో క్యాసెట్లు, వినైల్ రికార్డులు కూడా ఉన్నాయి. ఇవన్నీ వాటంతట అవి జరగవు. అభిమానుల మధ్య తిరిగే సూచనల పట్టికలు చూసినవాళ్లకు తెలుస్తుంది: శబ్దం పూర్తిగా తగ్గించకూడదు, అదే వీడియోను గిర్రున తిప్పకూడదు, మధ్యలో వేరే పాటలు పెట్టాలి, బ్రౌజరు చరిత్ర తుడుస్తూ ఉండాలి. ఇది ఉద్యోగం కాకపోతే మరేమిటి? జీతం లేదు, సెలవు లేదు. మన దేశంలో ఆ పాట ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చింది. ఆన్‌లైన్ తరగతులు నడుస్తున్న రోజులు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక అమ్మాయి ఒక కిటికీలో భౌతికశాస్త్రం, మరో కిటికీలో ఈ పాట పెట్టుకుని కూర్చుని ఉంటుంది. హాట్ 100లో అమెరికా శ్రోతల లెక్కే చెల్లుతుంది కాబట్టి ఆమె శ్రమ అక్కడ సున్నా. సేజాంగ్ పట్టికలోనూ సున్నాయే. ఆమె వాటాకు వచ్చింది ఎగతాళి ఒక్కటే. ఆడపిల్లలు ఏది ఇష్టపడినా దాన్ని జబ్బు అనడం లోకానికి అలవాటు. 2021 ఫిబ్రవరిలో జర్మనీలోని బవేరియాలో ఒక రేడియో వ్యాఖ్యాత ఆ మాట నిజంగానే అన్నాడు. ఈ బృందాన్ని వైరస్‌తో పోల్చి, దీనికి కూడా త్వరలో టీకా రావాలని ఆశించాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. క్రికెట్ మ్యాచి కోసం రాత్రంతా మేలుకునే మగవాళ్లకు ఎవరూ టీకా వేయించరు.

ఏడుగురు గాయకుల మీద జాలి పడమనడం లేదు. వాళ్లకు కంపెనీ అధినేత తన షేర్లు కొన్ని ఇచ్చాడు కూడా. కానీ రాజ్యం వాళ్లను వాడుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినవాడికి, పేరున్న పియానో పోటీలో నెగ్గినవాడికి అక్కడ మగవాళ్లకు తప్పనిసరైన మామూలు సైనిక సేవ తప్పుతుంది. హాట్ 100లో మొదటి స్థానానికి ఆ మర్యాద లేదు. 2020 డిసెంబరులో చట్టం సవరించి, ముప్పై ఏళ్ల వయసు వచ్చేదాకా వాయిదా వేసుకోవచ్చన్నారు. 2022 ఆగస్టులో రక్షణ మంత్రి, మినహాయింపు ఇవ్వాలా వద్దా అని ప్రజాభిప్రాయ సేకరణ జరిపిస్తామన్నారు. అక్టోబరు 15న వాళ్లేమో 2030 వరల్డ్ ఎక్స్‌పో అనే అంతర్జాతీయ ప్రదర్శనను తమ దేశంలోని బుసాన్‌కు రప్పించడానికి ఆ ఊళ్లో ఉచితంగా కచేరీ చేశారు. రెండు రోజులకు, అందరూ సైన్యంలో చేరతారని కంపెనీ ప్రకటించింది. డిసెంబరు 13న అందరికంటే పెద్దవాడు జిన్ వెళ్లాడు.

ఎక్స్‌పో ఏ ఊళ్లో జరపాలో తేల్చే దేశాల ఓటింగ్ 2023 నవంబరు 28న పారిస్ శివారులో జరిగింది. రియాద్‌కు 119, రోమ్‌కు 17, బుసాన్‌కు 29. ఏడుగురికి 29 ఓట్లు. తలకు నాలుగు చొప్పున పంచితే ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటీ, నా అంచనా ప్రకారం, దక్షిణ కొరియా తనకు తాను వేసుకున్నది.