ప్రమాణపూర్వకంగా భార్యాభర్తలు

(అమెరికాలో ఒక అద్దె ఇల్లు. రాత్రి పది దాటింది. బల్ల మీద లావుపాటి ఫైలు, ఫొటోల కట్టలు, ఇమ్మిగ్రేషన్ శాఖ పంపిన నోటీసు ఉన్నాయి. ఆవిడ అమెరికా పౌరురాలు; ఆయన హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్న ఇంజనీరు. భార్య పౌరసత్వం ఆధారంగా ఆయనకు గ్రీన్ కార్డు కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు విషయమై మరునాటి ఉదయం ఎనిమిదిన్నరకు ఇద్దరూ అధికారి ఎదుట హాజరు కావాలి. అందుకు సాధనగా ఆవిడ బల్లకు అవతలి వైపు అధికారి హోదాలో కూర్చుంది. ఆ హోదాను ఆవిడకు ఎవరూ ఇవ్వలేదు గాని, ఆ ఇంట్లో అది కొత్త విషయమేమీ కాదు.)

ఆవిడ: లేచి నిలబడి కుడి చేయి పైకెత్తండి.

ఆయన: పెళ్ళయిన నాటి నుంచి నేను రెండు చేతులూ ఎత్తేసే ఉన్నాను. ఒక చేయి చాలునంటే రెండోది కాస్త దించుకుంటాను.

ఆవిడ: ఆ హాస్యం ఇవాళే ఖర్చు పెట్టేయండి, రేపటికి మిగల్చకండి. అధికారి మొట్టమొదట చేయించేది ప్రమాణమే. ఇమ్మిగ్రేషన్ చట్టాన్ని తప్పించుకోవడానికి దొంగపెళ్ళి చేసుకున్నారని రుజువైతే అయిదేళ్ళ వరకు జైలు, రెండు లక్షల యాభై వేల డాలర్ల వరకు జరిమానా ఉంటాయి.

ఆయన: మనది దొంగపెళ్ళి కాదు కదా! దొంగపెళ్ళి అయితే ఇద్దరం కనీసం మర్యాదగా మాట్లాడుకునేవాళ్ళం.

ఆవిడ: కాదని మనకు తెలుసు, అధికారికి తెలియాలి కదా. మీరు పుట్టింది భారతదేశంలో. ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు కోరుకుంటే, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా ఏడాదికి ఏడు శాతానికి మించి కేటాయించరాదన్న నిబంధన వల్ల ఏళ్ళ తరబడి వరుసలో నిలబడాలి. అదే పౌరుల భార్యకు గాని భర్తకు గాని అయితే ఆ సంఖ్యాపరిమితే లేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసినవారికి, మీరు నా గుణగణాలు చూసి చేసుకున్నారా, నా పాస్‌పోర్టు చూసి చేసుకున్నారా అన్న అనుమానం రావడం సహజం.

ఆయన: నీ పాస్‌పోర్టులో ఉన్న ఫొటో చూసి కూడా చేసుకున్నానంటే, నాది నిష్కల్మషమైన ప్రేమ అని అధికారికి వేరే చెప్పనవసరం లేదు.

ఆవిడ: (నోటీసు మీద ఏదో గీసి) మొదటి ప్రశ్న. మీ ఇంట్లో ఉదయం ముందుగా నిద్రలేచేది ఎవరు?

ఆయన: నేనే. అయిదున్నరకు అలారం పెట్టేది నేనే కదా.

ఆవిడ: పెట్టేది మీరు, లేచేది నేను. అది మోగి మోగి విసిగిపోయాక, దాని నోరు నొక్కడానికి నేను మంచం దిగి చుట్టూ తిరిగి మీ వైపుకు వస్తాను. ఆ పాటికి పై అంతస్తులో ఉన్న దంపతులు కూడా లేచి తిరుగుతుంటారు. ఆ లెక్కన మీది నాలుగో స్థానం.

ఆయన: లేవాలన్న సంకల్పం ముందుగా ఎవరికి కలిగిందన్నదే ముఖ్యం.

ఆవిడ: చట్టం పట్టించుకునే సంకల్పం ఒక్కటే ఉంది. పెళ్ళి చేసుకున్న నాడు కలిసి కాపురం చేయాలన్న ఉద్దేశం ఇద్దరికీ నిజంగా ఉండిందా, లేదా అన్నదే అది. పొద్దున్నే లేవాలన్న ఉద్దేశం అందులోకి రాదు. పైగా ఇలాంటి చిన్న చిన్న తేడాలే అనుమానానికి దారితీస్తాయి. అనుమానం వచ్చిందంటే భార్యను ఒక గదిలో, భర్తను మరొక గదిలో కూర్చోబెట్టి, ఇద్దరినీ అవే ప్రశ్నలు అడిగి, ఆ జవాబులను పోల్చి చూస్తారు. 1975లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ముందుకు వచ్చిన స్టోక్స్ కేసు పేరు మీద దాన్ని స్టోక్స్ ఇంటర్వ్యూ అంటారు.

ఆయన: వేర్వేరు గదులలోనా? ఎంతసేపు?

ఆవిడ: గంటల తరబడి సాగవచ్చు. మీ ముఖం ఎందుకలా వెలిగిపోతోంది?

ఆయన: ఏమీ లేదు. నేను మొదలుపెట్టిన వాక్యాన్ని నేనే ముగించే అవకాశం ఉంటుంది కదా అని.

(ఎవరిని అడిగితే వారే జవాబు చెప్పాలని ఇటువంటి ఇంటర్వ్యూలలో అధికారులు పట్టుబడుతుంటారు. ప్రభుత్వం ఈ ఒక్క నిబంధనను కార్యాలయాల గడప దాటించి ఇళ్ళకు కూడా వర్తింపజేసి ఉంటే ఎంతో పుణ్యం మూటగట్టుకునేదని ఈ రచయిత అభిప్రాయం.)

ఆవిడ: రెండో ప్రశ్న. మీరిద్దరూ మొదటిసారి ఎలా కలుసుకున్నారు?

ఆయన: అది ఒక వర్షపు సాయంత్రం. ఆకాశమంతా దట్టంగా మబ్బులు కమ్ముకుని...

ఆవిడ: ఇంటర్వ్యూ నోటీసులో మన ఇద్దరి పేర్లే ఉన్నాయి, ఆకాశం పేరు లేదు. అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పండి.

ఆయన: నా సహోద్యోగి కూతురి పుట్టినరోజు నాడు వాళ్ళ ఇంట్లో కలుసుకున్నాం. నువ్వు నా దగ్గరకు వచ్చి మంచినీళ్ళు ఎక్కడున్నాయని అడిగావు.

ఆవిడ: మీ పక్కనున్న కుర్చీ ఖాళీయేనా అని అడిగాను. మీరు లేచి వెళ్ళి మంచినీళ్ళు పట్టుకొచ్చారు.

ఆయన: అంటే నీ మాట అర్థం కాకపోయినా నీకు సేవ చేయడం నేను తొలిరోజు నుంచే మొదలుపెట్టానన్నమాట. ఇది తప్పకుండా అధికారికి చెప్పాలి.

ఆవిడ: చెప్పకండి. న్యాయవాది మనకు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. తెలిస్తే చెప్పాలి, గుర్తులేకపోతే గుర్తులేదనాలి, అంతే తప్ప ఊహించి చెప్పకూడదు. ఊహించి చెప్పిన జవాబే కొంప ముంచుతుంది.

ఆయన: గుర్తులేదని అధికారి ముందు చెప్పడానికి నాకేమీ భయం లేదు. నీ ముందు చెప్పవలసి వచ్చినప్పుడే నాలుక పిడచకట్టుకుపోతుంది.

ఆవిడ: (అదోలా చూసి) సరే, ఆ సంగతికి తరువాత వద్దాం. ఈ ఫొటోలన్నీ ఏమిటి?

ఆయన: మన దాంపత్యానికి సాక్ష్యాలు. తేదీల వారీగా అమర్చి, ప్రతి ఫొటో వెనుక సందర్భం కూడా రాశాను.

ఆవిడ: "మా ఆవిడ అలిగిన మొదటి రోజు", "మా ఆవిడ అలిగిన రెండో రోజు" అని రాసినవి పక్కన పెట్టండి. బంధువులతో, స్నేహితులతో వేర్వేరు కాలాలలో దిగినవి ఓ పాతిక చాలు. అంతకంటే బరువైనవి ఉమ్మడి అద్దె ఒప్పందం, ఉమ్మడిగా దాఖలు చేసిన పన్ను రిటర్నులు, బీమాలో ఒకరి పేరు మరొకరు రాసుకున్న పత్రాలు, ఉమ్మడి బ్యాంకు ఖాతా. ఖాతా తెరిచి వదిలేస్తే లాభం లేదు, దాన్ని ఇద్దరూ వాడుతున్నట్టు కనిపించాలి.

ఆయన: ఆ విషయంలో మనకు ఢోకా లేదు. వేసేది నేను, తీసేది నువ్వు. ఏ నెల స్టేట్‌మెంటు చూసినా ఈ శ్రమవిభజన స్పష్టంగా కనిపిస్తుంది.

ఆవిడ: ఇక ఐ-485, అంటే మీ గ్రీన్ కార్డు దరఖాస్తు ఫారంలోని ప్రశ్నలు. వీటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పాలి. మీరు ఎప్పుడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా?

ఆయన: సభ్యత్వం లేదు. అయితే కాలేజీ రోజుల్లో ఒకసారి మా హాస్టలు వాళ్ళు ఎర్రజెండాలతో ఊరేగింపు తీస్తూ, చివరిదాకా నడిచినవాళ్ళకు సాయంత్రం సినిమా టికెట్టు ఇప్పిస్తామని చెబితే...

ఆవిడ: లేదు!

ఆయన: టికెట్టు ఇచ్చారు గాని, తీరా వెళ్ళేసరికి విశ్రాంతి దాటిపోయింది. ఆ రోజే నాకు ఆ సిద్ధాంతం మీద...

ఆవిడ: ఊరేగింపు వెనకాల నడవడం సభ్యత్వం కాదు. ప్రశ్నకు జవాబు "లేదు". అక్కడితో ఆగండి. తరువాతి ప్రశ్న. అమెరికాలో బహుభార్యాత్వం పాటించే ఉద్దేశం మీకేమైనా ఉందా?

ఆయన: ఈ ప్రశ్నకు నేను ఎంత వేగంగా జవాబు చెబితే నీకు తృప్తిగా ఉంటుంది?

ఆవిడ: ఇప్పటికే ఆలస్యమైంది.

(కుర్చీలు మారాయి. ఆయన పట్టుబట్టి అధికారి స్థానంలోకి వచ్చి, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకున్నాడు. అధికారం చేతికి రాగానే గొంతు కూడా కొద్దిగా మారింది.)

ఆయన: అమ్మా, మీరు ఐ-864 అనే అఫిడవిట్ మీద సంతకం చేశారా?

ఆవిడ: చేశాను. మీరు ప్రభుత్వానికి భారం కాకుండా నేను ఆర్థికంగా అండగా ఉంటానన్న హామీ అది.

ఆయన: ప్రభుత్వం ప్రకటించే పేదరిక ప్రమాణానికి 125 శాతం స్థాయికి తగ్గకుండా మీ భర్తను పోషిస్తానన్న ఒప్పందం. అది ఎంతకాలం నిలుస్తుందో మీకు తెలుసా?

ఆవిడ: కాపురం నిలిచినంత కాలం.

ఆయన: అక్కడే పప్పులో కాలేశారు. విడాకులు తీసుకున్నా ఆ బాధ్యత తీరదు. నేను ఈ దేశ పౌరుణ్ణి కావాలి, లేదా నా పేరున నలభై త్రైమాసికాల ఉద్యోగకాలం జమ కావాలి, అదీ కాదంటే నేను దేశం విడిచి శాశ్వతంగా వెళ్ళిపోవాలి, లేదా కన్నుమూయాలి. బ్రహ్మముడినైనా కోర్టు విప్పగలదేమో గాని, ఈ ముడిని మాత్రం విడాకుల తీర్పు విప్పలేదు.

ఆవిడ: ఆఖరున చెప్పిన మార్గం ఇంకొకసారి చెప్పండి.

ఆయన: ఏది, దేశం విడిచి వెళ్ళడమా?

ఆవిడ: కాదు, దాని తరువాతది.

ఆయన: (కళ్ళజోడు సర్దుకుని) ఆ విషయం వదిలేద్దాం. నన్ను నిజంగా బాధిస్తున్నది మరొకటి ఉంది. ఆమోదం లభించే నాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే, 1986లో చేసిన చట్టం ప్రకారం మనకిచ్చేది షరతులతో కూడిన రెండేళ్ళ కార్డు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల లోపల, ఆ షరతులు తీసేయమని కోరే ఐ-751 ఫారం దాఖలు చేసి, మళ్ళీ ఫీజు కట్టి, ఇంకా కలిసే ఉన్నామని మళ్ళీ ఇవే కాగితాలతో నిరూపించుకోవాలి. రెండేళ్ళు నిండితే ఏకంగా పదేళ్ళ కార్డు ఇస్తారు. మనకు నిండడానికి ఇంకా మూడు నెలలే ఉంది. జ్వరమని చెప్పి వాయిదా కోరితే ఎలా ఉంటుంది?

ఆవిడ: రేపు నిజం చెబుతానని ప్రమాణం చేయబోతూ ఈ రాత్రి అబద్ధపు జ్వరం తెచ్చుకుంటారా? పైగా వాయిదా వేస్తే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఎవరు చెప్పగలరు? అది అలా ఉంచండి. మూడు నెలలు అని ఎక్కడి నుంచి లెక్కవేశారు?

ఆయన: పెళ్ళి రోజు నుంచి. రెండు వైపుల బంధువులూ దిగి, ఊపిరాడని పట్టుబట్టల్లో నన్ను మూడు గంటలు కూర్చోబెట్టిన రోజు నుంచి.

ఆవిడ: దానికి నాలుగు నెలల ముందు ఏం జరిగింది?

ఆయన: నాలుగు నెలల ముందా? కారు కొన్నాం.

ఆవిడ: కారు కొన్నది సాయంత్రం. ఆ రోజు ఉదయం ఎక్కడికి వెళ్ళాం?

ఆయన: కౌంటీ కార్యాలయానికి వెళ్ళాం. ఓహో, ఆ సంతకాల గురించా? అది పెళ్ళి లైసెన్సు పని కదా.

ఆవిడ: లైసెన్సు అంతకు ముందే తీసుకున్నాం. ఆ రోజు మనం అక్కడ చేసుకున్న దాన్ని పెళ్ళి అంటారు. ధ్రువపత్రంలో ఉన్నది ఆ తేదీ, మీ తరఫున నేను పెట్టిన ఐ-130 అర్జీలో రాసింది ఆ తేదీ, మీ ఐ-485లో ఉన్నదీ ఆ తేదీయే. ఇందులోని సమాచారాన్ని పూర్తిగా చదివి అర్థం చేసుకున్నాననీ, అదంతా నిజమనీ దాని కింద సంతకం చేసింది మీరు.

ఆయన: నువ్వు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాను. ఆజ్ఞాపాలన కూడా నేరమేనా? ఉండు, ఉండు. ఆ తేదీయే పెళ్ళి తేదీ అయితే రెండేళ్ళు...

ఆవిడ: పోయిన నెలలోనే నిండాయి.

ఆయన: అంటే పదేళ్ళ కార్డు! షరతులు లేవు, ఐ-751 లేదు, రెండోసారి ఫీజు లేదు! ఇంత మంచి వార్త ఇన్నాళ్ళూ కడుపులో దాచుకుని, నన్నెందుకు ఇలా క్షోభపెట్టావు?

ఆవిడ: ఆ రోజు ఉదయం మీరే చెబుతారని ఎదురుచూశాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక చెబుతారనుకున్నాను. రాత్రి పదకొండు గంటలకు మీరు నా వైపు తిరిగి, ఎంతో మృదువైన గొంతుతో "నీకొక మాట చెప్పాలి" అన్నారు.

ఆయన: చూశావా! ఏమన్నాను?

ఆవిడ: రౌటరు ఒకసారి ఆపి మళ్ళీ పెట్టమన్నారు.

(ఆయన కుర్చీలో నుంచి లేచాడు. అధికారి హోదా దానంతట అదే జారిపోయింది.)

ఆయన: ఆ రోజు ఎన్నో తారీఖో... నాకు తెలుసు, నీకు గుర్తుందో లేదో పరీక్షిద్దామని అడుగుతున్నాను.

ఆవిడ: రేపు అధికారి ఆ ప్రశ్న మిమ్మల్నే అడుగుతారు. గుర్తులేకపోతే గుర్తులేదని చెప్పండి. ఊహించి మాత్రం చెప్పకండి.

ఆయన: ఇది ఊహ కాదు, తర్కం. పోయిన నెల అని నువ్వే చెప్పావు. శని, ఆదివారాలలో కౌంటీ కార్యాలయం తెరవరు గనుక, రెండేళ్ళ కిందటి ఆ నెలలో ఎనిమిది నుంచి పది రోజుల వరకు తీసేయవచ్చు. ఆ రోజు నేను ఆఫీసుకు సెలవు పెట్టాను గనుక అది సెలవుదినం కాదు. అంటే ఇక మిగిలినవి ఇరవై చిల్లర.

ఆవిడ: లెక్క ముచ్చటగా ఉంది. వెళ్ళి పడుకోండి.

ఆయన: పడుకుంటాను. ముందు అసలు ప్రతులన్నీ ఉన్నాయో లేదో ఒక్కసారి సరిచూసుకుందాం. నీ పౌరసత్వ పత్రం, నా పాస్‌పోర్టు, నా జనన ధ్రువపత్రం, మరీ ముఖ్యంగా వివాహ ధ్రువపత్రం.

ఆవిడ: (ఫైలు చంకన పెట్టుకుని) అన్నీ ఉన్నాయి. నేను చూశాను.

ఆయన: (కొంతసేపు ఆలోచించి, తలుపు వైపు నడుస్తూ) సరే. కారు తాళాలు ఎక్కడ పెట్టావు?

ఆవిడ: ఇంత రాత్రివేళ కారుతో మీకేం పని?

ఆయన: ఊరికే. కారు కొన్ననాటి కాగితాలు అందులో భద్రంగా ఉన్నాయో లేదో చూద్దామని.

ఆవిడ: అవి ఇద్దరి పేర్ల మీదా ఉన్నాయి గనుక ఉమ్మడి ఆస్తికి ఆధారంగా పనికొస్తాయని తెచ్చి, అవి కూడా ఈ ఫైలులోనే పెట్టాను.